పీఏ పిల్లలకీ మెడికోలకీ ఎందుకు పడదు? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పీఏని, అంటే ఫిజీషియన్ అసిస్టెంట్‌ని. చదివింది చెన్నైలో. ఉద్యోగం మొదట విజయవాడ సూర్యారావుపేటలో, ఇప్పుడు గుంటూరులో. మా అక్క కూతురు ఎంబీబీఎస్ చదువుతోంది. అంటే ఈ గొడవ నాకు ఆసుపత్రిలోనే కాదు, సంక్రాంతికి ఇంటికెళ్తే అరిసెల పళ్లెం దగ్గర కూడా తప్పదు. ఏటా కొత్త బ్యాచ్ రాగానే పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ, అప్పుడప్పుడూ మెడికోలూ (ఎంబీబీఎస్ పిల్లలు) అవే ప్రశ్నలు అడుగుతుంటారు. విడివిడిగా చెప్పే ఓపిక తగ్గిపోయి ఇక్కడ రాసి పెడుతున్నాను.

పీఏ అంటే సరిగ్గా ఏం పని చేస్తారు?

డాక్టరు గారి కింద, ఆయన బాధ్యత మీద, ఆయన చెయ్యమన్నంత మేరకు వైద్యంలో సాయం చేస్తారు. ఈ వాక్యం చదివితే ఏమీ అర్థం కాదని నాకూ తెలుసు. అందుకని ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. ఏడున్నరకి వార్డుకి వస్తాం. రాత్రి చేరిన కేసుల హిస్టరీ తీసుకుంటాం. షుగరెంత, బీపీ ఎంత, యూరిన్ ఎంత వచ్చింది, డ్రెయిన్‌లో ఎంత దిగింది, అన్నీ కేస్ షీట్‌లో ఎక్కిస్తాం. రాని రిపోర్టుల కోసం ల్యాబ్ వాళ్ల ప్రాణం తీస్తాం. ఎనిమిదిన్నరకి సార్ రౌండ్స్‌కి వస్తే ఒక్కో బెడ్ దగ్గర నాలుగు ముక్కల్లో విషయం చెప్పి, ఆయన చెప్పింది రాసుకుంటాం. ఓటీ, అంటే ఆపరేషన్, ఉంటే స్క్రబ్ అయి (చేతులు కడుక్కుని తయారై) అసిస్ట్ చేస్తాం. మధ్యాహ్నం డిశ్చార్జ్ సమ్మరీలు, ఆరోగ్యశ్రీ కాగితాలు. (ప్రభుత్వం మారితే ఆ పథకం పేరు మారుతుంది కానీ, మా నోటికి పాత పేరే వస్తుంది.) సాయంత్రం మళ్లీ రౌండ్స్.

ఇందులో సగం హౌస్ సర్జన్ (ఎంబీబీఎస్ చదువయ్యాక ఏడాది ఇంటర్న్‌షిప్ చేసే మెడికో) చేసే పనే కదా అని మీకు అనిపించిందా? గొడవ అక్కడే మొదలవుతుంది.

ఆర్‌ఎంపీ డాక్టర్ లాంటిదేనా?

కాదు. ఈ ప్రశ్న ఎక్కువగా పల్లెటూళ్ల నుంచి పిల్లల్ని చేర్చడానికి వచ్చిన తండ్రులు అడుగుతారు. వాళ్లని తప్పుపట్టను. అర్ధరాత్రి జ్వరమొస్తే వాళ్లింటికి బండేసుకుని వచ్చేది ఆయనే. అయితే ఆర్‌ఎంపీ ఒక్కరే పని చేస్తారు, పైన చూసేవాళ్లు ఎవరూ ఉండరు. పీఏకి పైన డాక్టరు లేకపోతే పనే లేదు.

ఒక తమాషా చెప్పాలి. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అంటే నిజానికి వైద్య పట్టా ఉండి కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిన డాక్టరని అర్థం. మన పల్లెల్లో ఆ మూడక్షరాలు రిజిస్టర్ కాని వాళ్లకే స్థిరపడిపోయాయి.

మీ తాతల తరంలో ఎల్‌ఎంపీ డాక్టర్లని ఉండేవాళ్లు. బ్రిటిష్ కాలంలో ఎంబీబీఎస్ కన్నా చిన్న కోర్సు చదివి లైసెన్సుతో ప్రాక్టీసు చేసినవాళ్లు. 1946లో భోర్ కమిటీ, దేశంలో ఒకే రకం డాక్టరు ఉండాలి, ఆ చిన్న కోర్సు ఆపేయాలని చెప్పింది. సరిగ్గా అదే 1946లో గుంటూరు మెడికల్ కాలేజీ మొదలైంది. డాక్టరుకీ నర్సుకీ మధ్య ఇంకో మెట్టు ఉండాలా అక్కర్లేదా అన్న వాదన కూడా అప్పటిదే. మెడికోలు మా మీద కొత్తగా అలిగిందేమీ లేదు.

ఈ కోర్సు ఎక్కడ పుట్టింది?

అమెరికాలో, డ్యూక్ యూనివర్సిటీలో, 1965లో. డాక్టర్ యూజీన్ స్టెడ్ మొదలుపెట్టారు. అక్కడ డాక్టర్లు చాలడం లేదు. నేవీలో గాయపడ్డవాళ్లకి వైద్యసాయం చేసిన అనుభవం ఉన్నవాళ్లు మాత్రం బయటికొచ్చి ఏం చెయ్యాలో తెలీక ఉన్నారు. అలాంటి నలుగురితో మొదటి బ్యాచ్ పెడితే 1967లో ముగ్గురు పాసై బయటికొచ్చారు.

మన దగ్గర 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో, గుండె ఆపరేషన్లు చేసే డాక్టర్ కె.ఎం. చెరియన్ ఈ కోర్సు తెచ్చారు. అమెరికాలో డాక్టర్ల కొరత తీర్చడానికి పుట్టిన కోర్సు, మన దగ్గర ఆపరేషన్ థియేటర్లో పుట్టింది. గుండె సర్జన్‌కి ఎప్పుడూ ఒకే చేతులు పక్కన కావాలి. బైపాస్ చేసేటప్పుడు కాలిలోంచి నరం తీసిచ్చే మనిషి నెలకొకరు మారితే కుదరదు. హౌస్ సర్జన్లు పోస్టింగ్ అవగానే వెళ్లిపోతారు, పీజీలు (స్పెషాలిటీ చదివే డాక్టర్లు) కోర్సు అవగానే వెళ్లిపోతారు. పీఏ మాత్రం అక్కడే ఉంటారు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మిగతా ప్రశ్నలన్నిటికీ నేను ఇక్కడికే వస్తుంటాను.

అయితే గొడవ దేని గురించి? నిజం చెప్పండి.

పైకి చూస్తే చాలా చిన్నవాటి గురించి. డ్యూటీ రూమ్‌లో ఉన్న రెండు కుర్చీల గురించి. సార్ ఓటీలో "రా, నువ్వు సెకండ్ అసిస్ట్ చెయ్" అన్నప్పుడు ఎవరి వైపు చూశారన్నదాని గురించి. కేస్ ప్రెజెంట్ చేస్తుంటే మధ్యలో ఎవరు అందుకున్నారన్నదాని గురించి. వీటన్నిటి కన్నా ఎక్కువ, కాన్యులా గురించి, అంటే సెలైన్ ఎక్కించడానికి నరంలోకి పెట్టే సన్నని గొట్టం గురించి.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. రాత్రి పదకొండు దాటింది. ఒక పెద్దావిడ, షుగరు పేషంటు, నరాలు దారప్పోగుల్లా ఉన్నాయి. హౌస్ సర్జన్ రెండుసార్లు పొడిచాడు. మొదటిది వాచిపోయింది, రెండోది రక్తం చూపించి ఆగిపోయింది. అతని నుదుటి మీద చెమట. పక్కన నిలబడ్డ కోడలు, "ఆ అమ్మాయిని పిలవండి బాబూ, మొన్న ఒక్కసారికే వేసింది" అంది. ఆ అమ్మాయిని నేనే. వెళ్లాను. టోర్నికే కట్టి, చేతి వెనకవైపు మణికట్టు పైన తడిమి, నీలం రంగు ఇరవై రెండో నంబరు కాన్యులా వేశాను. వెళ్లింది. ప్లాస్టర్ అంటించి, అతను నొచ్చుకోకూడదని, "ఇదేం పెద్ద పని కాదులెండి సార్" అన్నాను.

అంతకన్నా చెడ్డమాట ఆ క్షణంలో ఇంకొకటి లేదని నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. నేను ఓదార్చాననుకున్నాను. అతనికి వినిపించింది, "ఈ చిన్నపని కూడా నీకు రాదు" అని. నేను అప్పటికి ఏడాదిగా రోజుకి పదిహేను కాన్యులాలు వేస్తున్నాను. అతను ఆ పోస్టింగ్‌కి వచ్చి రెండు వారాలు. ఇందులో నా గొప్పా లేదు, అతని చేతకానితనమూ లేదు.

ఆ పోస్టింగ్ అయ్యేదాకా అతను నాతో మాట్లాడలేదు. ఇప్పుడు పెద్ద స్పెషలిస్టు. ఎక్కడైనా ఎదురుపడితే తల ఊపుతారు. అంతే. నేను ఇంకా కాన్యులాలు వేస్తూనే ఉన్నాను.

ఈ వరసలోనే ఉంది మొత్తం గొడవ. హౌస్ సర్జన్‌కి ఈ వార్డు ఒక మజిలీ, పీఏకి ఇదే ఊరు. ఫారాలు ఏ సొరుగులో ఉంటాయో, సార్‌కి ఏ కుట్టు నచ్చుతుందో, బ్లడ్ బ్యాంకులో ఎవరు ఫోన్ ఎత్తుతారో పీఏకి తెలుసు, హౌస్ సర్జన్‌కి తెలీదు. కానీ అయిదారేళ్ల తర్వాత కన్సల్టెంట్‌గా వచ్చి సంతకం పెట్టేది హౌస్ సర్జన్, పీఏ కాదు. ఇవాళ తెలిసినవాళ్లు రేపు కింద ఉంటారు, ఇవాళ తెలియనివాళ్లు రేపు పైన ఉంటారు. ఇద్దరికీ ఈ సంగతి తెలుసు. ఎవరూ నోటితో అనరు.

"మా ప్రొసీజర్లు పీఏలు లాగేసుకుంటున్నారు." ఇది నిజమా?

ఇది మా అక్క కూతురు ప్రశ్న. "పిన్నీ, మీవాళ్లుంటే మాకు ఒక్క ఫోలీ (మూత్రం గొట్టం వెయ్యడం) కూడా మిగలదు. లాగ్‌బుక్‌లో ఏం రాసుకోవాలి?" అంది. కొంత నిజమే, ఒప్పుకుంటాను. ఎంబీబీఎస్ అయ్యాక ఏడాది ఇంటర్న్‌షిప్ అనేది చేతులు తిరగడానికే. ఏయే పనులు సొంతంగా చెయ్యాలో, ఏవి పక్కనుండి చూడాలో జాబితా ఉంటుంది. అది నిండకపోతే రేపు ఏ పీహెచ్‌సీలోనో ఒంటరిగా డ్యూటీలో ఉన్నప్పుడు ఇబ్బంది పడేది వాళ్లే, వాళ్ల దగ్గరికొచ్చిన పేషంట్లే.

అయితే ఈ ఫిర్యాదు ఎక్కడ నుంచి వస్తుందో చూడండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లోనో విజయవాడ పెద్దాసుపత్రిలోనో చేసే హౌస్ సర్జన్ ఎవరూ నాతో ఈ మాట అనలేదు. అక్కడ జనం జాతరలా ఉంటారు. కాన్యులాలు వేసి వేసి బొటనవేలు నొప్పెడుతుంది. శాంపిల్స్ పట్టుకెళ్లడం, స్ట్రెచర్ తోయడం కూడా హౌస్ సర్జన్ల నెత్తినే పడుతుంది. "అక్కా, మీలాంటివాళ్లు నలుగురుంటే మేం కాస్త చదువుకునేవాళ్లం" అన్నవాళ్లు కూడా ఉన్నారు. గొడవంతా ప్రైవేటు వార్డుల్లో. అక్కడ కేసులు తక్కువ. పైగా డబ్బు కట్టిన పేషంటు నేర్చుకునేవాళ్ల చేతికి తన చెయ్యి ఇవ్వడు. ఉన్న నాలుగు అవకాశాల కోసం ఇటు హౌస్ సర్జన్, అటు పీఏ విద్యార్థి. మేనేజ్‌మెంటుకి పని త్వరగా తెమిలితే చాలు, కాబట్టి అలవాటైన చేతికే ఇస్తుంది.

అప్పుడు తప్పు ఎవరిది? యూనిట్ నడిపే సీనియర్‌దని నా అభిప్రాయం. నెల మొదట్లోనే "ఈ వారం ఫోలీలు హౌస్ సర్జన్‌కి, పీఏ పక్కన నిలబడి చూపించాలి" అని ఒక్క ముక్క చెప్తే సగం గొడవ ఉండదు. చెప్పేవాళ్లని ఇద్దర్ని చూశాను. చెప్పనివాళ్లని లెక్కపెట్టలేదు.

చదువులో తేడా ఎంత?

చాలా. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. మన దగ్గర పీఏ డిగ్రీ సాధారణంగా మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. వాళ్లు ఫార్మకాలజీ, పాథాలజీ లోతుగా చదువుతారు, మేం పని నడవడానికి కావలసినంత చదువుతాం. "మేమూ అదే సిలబస్ చదివాం" అని మా పిల్లలు అంటుంటే నాకు సిగ్గేస్తుంది. అదే సిలబస్ కాదు.

"నీట్ రాక ఇందులోకి వచ్చారు" అంటే ఏం చెప్పాలి?

నిజమైతే నిజమని చెప్పండి. నేను ఎంసెట్ రాకే వచ్చాను. మా కాలంలో మెడిసిన్‌కి అదే పరీక్ష. ఇప్పుడొచ్చేవాళ్లలో చాలామంది విజయవాడలోనో గుంటూరులోనో ఒకటో రెండో లాంగ్‌టర్మ్‌లు చేసి, హాస్టల్ సాంబారు తిని తిని, ఇంట్లో "ఇంకెన్నేళ్లు" అన్నాక ఇటు తిరిగినవాళ్లే. అందులో దాచాల్సిందేముంది? ఆ మాట అన్న మెడికో కూడా మూడు మార్కులు తగ్గితే మీ పక్కన కూర్చునేవాడే. అది అతనికీ తెలుసు కాబట్టే అంత గట్టిగా అంటాడు.

బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. ఒక ప్రొఫెసర్ క్లాసులో ఏడ్చిన అమ్మాయిని ఓదారుస్తూ, "పోనీలేమ్మా, మీరూ సగం డాక్టర్లేగా" అన్నారు. ఆయన మంచిగానే అన్నారు. పీఏ సగం డాక్టరు కాదు, పూర్తి పీఏ. సగం అనుకున్నంతకాలం మిగతా సగం కోసం మెడికోలతో కొట్లాట తప్పదు.

పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చా?

వద్దు. ఇన్‌స్టాలో కూడా వద్దు. రిజిస్టర్ కాకుండా డాక్టరుగా ప్రాక్టీసు చేస్తే 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలో ఏడాది దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి.

పేషంట్లే "డాక్టర్ గారూ" అని పిలిస్తే?

ఇది వేరే ప్రశ్న, కష్టమైన ప్రశ్న కూడా. తిరువూరు నుంచో మాచర్ల నుంచో వచ్చిన పెద్దాయనకి తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు ఉంటే డాక్టరే. నాకు మాత్రం ఆ ఇబ్బంది ఎప్పుడూ రాలేదు. ఎందుకంటే నన్ను అందరూ "సిస్టర్" అంటారు. నాతోపాటు చేరిన మగపిల్లాణ్ని, అదే కోటు, అదే పని, మొదటి రోజు నుంచీ "డాక్టర్ గారూ" అన్నారు. నా పక్కన నిలబడ్డ లేడీ హౌస్ సర్జన్‌ని కూడా "సిస్టరమ్మా, డాక్టర్ గారు ఎప్పుడొస్తారు?" అని అడిగారు, అదీ మా మగ పీఏ వైపు చూస్తూ. నాలుగున్నరేళ్లు చదివిన అమ్మాయి ఆ రోజు డ్యూటీ రూమ్‌లో ఫైలు విసిరికొట్టింది. ఆ కోపం మా వాడి మీద తిరిగింది. పీఏ, మెడికో గొడవ అని పైకి కనిపించేవాటిలో కొన్ని ఆడ, మగ గొడవలే.

ఏం చెయ్యాలంటే, మొదటిసారే చెప్పెయ్యాలి. "నేను డాక్టర్ని కాదండీ, ఫలానా డాక్టరు గారి అసిస్టెంట్‌ని, మీ వివరాలు రాసుకుని ఆయనకి చెప్తాను." పది సెకన్లు పట్టదు. రెండోసారి చెప్పడం కష్టం, మూడోసారి అసాధ్యం. అప్పటికే వాళ్లు మీకు ఊరి నుంచి మామిడికాయలు తెచ్చి ఉంటారు.

మందులు రాయొచ్చా?

సొంతంగా రాయకూడదు. సార్ చెప్పింది కేస్ షీట్‌లో ఎక్కించవచ్చు, ఆ పూటే ఆయన సంతకం పడాలి. "ఫోన్‌లో చెప్పారు" అని రాసి రెండు రోజులు సంతకం లేకుండా ఉంచిన షీట్లు చూశాను. రేపు ఏదన్నా జరిగితే ఆ ఫోన్ కాల్ ఎవరికీ గుర్తుండదు.

చట్టంలో మాకు గుర్తింపు ఉందా?

ఉంది. అనుబంధ వైద్యవృత్తుల కోసం 2021లో పార్లమెంటు చేసిన చట్టంలో, పది వర్గాలుగా విడదీసిన వృత్తుల పట్టికలో మా పేరూ ఉంది. కేంద్రంలో ఒక కమిషన్, రాష్ట్రాల్లో కౌన్సిళ్లు, రిజిస్టర్లు ఉండాలని ఆ చట్టం చెప్తుంది. చేరేముందు మాత్రం ఒక పని చెయ్యండి. ఆ కాలేజీకి ఆ ఏడాది ఆ కోర్సుకి అనుమతి ఉందో లేదో హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్లో కళ్లారా చూసుకోండి. విజయవాడలోనే ఉంది యూనివర్సిటీ. పాంఫ్లెట్‌ని నమ్మి డీడీ తియ్యొద్దు.

అసిస్టెంటా, అసోసియేటా?

ఈ ఒక్క పదం మీద రెండు దేశాలు ఎదురెదురు దిశల్లో నడిచాయి. అమెరికాలో పీఏల సంఘం 2021లో "అసిస్టెంట్" వద్దని "అసోసియేట్" అని మార్చుకుంది. అక్కడి డాక్టర్ల సంఘం అభ్యంతరం చెప్పింది. బ్రిటన్లో మొదట అసిస్టెంట్ అనే ఉండి తర్వాత అసోసియేట్ అని మారిస్తే, పేషంట్లు డాక్టరని పొరబడుతున్నారని పెద్ద రభస అయింది. 2025 జూలైలో, అక్కడి ప్రభుత్వం చేయించిన లెంగ్ సమీక్ష వాళ్లని తిరిగి అసిస్టెంట్ అని పిలవమంది. జబ్బేంటో ఇంకా తేలని పేషంట్లని మొదట చూసే పని, కొన్ని నిర్దిష్ట సందర్భాల్లో తప్ప, వాళ్లకి ఇవ్వొద్దనీ చెప్పింది. మన చట్టంలో రాసింది అసోసియేట్. మన వార్డులో పిలిచేది "పీఏ అమ్మాయి, పీఏ అబ్బాయి".

బ్రిటన్లో అంత గొడవైంది ఎందుకని మా పిల్లలు అడుగుతారు. అక్కడ జూనియర్ డాక్టర్లు స్పెషాలిటీ సీట్లు దొరక్క, జీతాలు చాలక సమ్మెలు చేస్తున్న కాలంలోనే, కొత్తగా చేరే పీఏలకి కొత్తగా చేరే డాక్టర్లకన్నా ఎక్కువ జీతం వచ్చేది. ఎవరికైనా కడుపు మండుతుంది.

రేపు ప్రభుత్వం డాక్టర్ల బదులు చవగ్గా పీఏలని పెడుతుందేమో అని మెడికోల భయం. అర్థముందా?

భయం గాల్లోంచి రాలేదు. పైన చెప్పిన 2019 మెడికల్ కమిషన్ చట్టంలో 32వ సెక్షన్ అని ఒకటుంది. ఎంబీబీఎస్ చదవనివాళ్లకి కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ పేరుతో పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చని, వాళ్ల సంఖ్య డాక్టర్ల సంఖ్యలో మూడో వంతు మించకూడదని అందులో ఉంది. ఆ ఏడాది దేశమంతా డాక్టర్లు, మెడికోలు రోడ్డెక్కారు. ఇక్కడ జూడాలూ (జూనియర్ డాక్టర్లు) ఎక్కారు. అందుకని మధ్యస్థాయి పేరుతో ఎవరు కనిపించినా వాళ్లకి ఆ సెక్షనే గుర్తొస్తుంది. కానీ ఆ సెక్షన్ వేరు, మా చట్టం వేరు. మాకు ఒంటరి ప్రాక్టీసు లేదు, నాకైతే అక్కర్లేదు కూడా. రాత్రి రెండింటికి నిర్ణయం తీసుకునే బరువు డాక్టరు మీద ఉండబట్టే నేను హాయిగా పని చేసుకుంటున్నాను.

ఈ గొడవల వల్ల పేషంటుకి నష్టం జరిగిందా ఎప్పుడైనా?

జరగబోయింది. ఊరి పేరు, ఆసుపత్రి పేరు చెప్పను. సర్జరీ వార్డులో ఆరో బెడ్‌లో ఒక వెంకటేశ్వరరావు, పదకొండో బెడ్‌లో ఇంకో వెంకటేశ్వరరావు. మన జిల్లాల్లో ఇది వింత కాదు, మూడో ఆయన లేనందుకు సంతోషించాలి. ఆరో బెడ్ ఆయనకి రక్తం ఎక్కించాలి. క్రాస్ మ్యాచింగ్‌కి (ఎక్కించే రక్తం సరిపోతుందో లేదో చూసే పరీక్షకి) హౌస్ సర్జన్ శాంపిల్ తీసి, ఎదురుగా ఉన్న పీఏ విద్యార్థి చేతిలో పెట్టి, "పేరు రాసి పంపు" అన్నాడు. ముందురోజే ఇద్దరికీ కుర్చీ దగ్గర మాటామాటా అయింది. మా వాడికి ఒళ్లు మండి, నేనేమన్నా నీ బంట్రోతునా అనుకుని, చెప్పింది చెప్పినట్టే చేశాడు. పేరు రాశాడు. పేరు మాత్రమే. ఐపీ నంబరు లేదు, బెడ్ నంబరు లేదు, సంతకం లేదు. కౌంటర్ మీద పెట్టేసి టీకి వెళ్లిపోయాడు.

గంట తర్వాత బ్లడ్ బ్యాంక్ నుంచి నాకు ఫోన్. "అమ్మా, మీ వార్డు నుంచి వెంకటేశ్వరరావు గారొచ్చారు. ఏ వెంకటేశ్వరరావు?" పాత రికార్డుల్లో ఒకాయనది ఓ పాజిటివ్, ఇంకొకాయనది బి పాజిటివ్. శాంపిల్ తిప్పి పంపారు, మళ్లీ తీశాం. ఆలస్యం తప్ప ఏమీ కాలేదు. ఆ టెక్నీషియన్ బద్ధకస్తుడై ఉంటే ఏమయ్యేదో మీకు పాఠంలో ఉంది, తప్పు గ్రూపు రక్తం ఎక్కిస్తే మనిషి పోవచ్చు.

విచారించినప్పుడు ఇద్దరూ నిజమే చెప్పారు. "నేను రాయమని చెప్పాను." "చెప్పిందే రాశాను." అప్పటి నుంచి మా వార్డులో ఒకటే పద్ధతి. రక్తం ఎవరు తీస్తే వాళ్లే, అక్కడే, పేషంటు మంచం దగ్గరే, నోటితో పేరు అడిగి, చేతికున్న బ్యాండ్ చూసి లేబుల్ రాయాలి. చేతులు మారకూడదు. కోపాలుంటే టీ దగ్గర చూసుకోండి.

పీజీలు ఎవరి పక్షం?

పని ఎవరు పూర్తి చేస్తే వాళ్ల పక్షం. పొద్దున్నుంచీ తిండి లేని మనిషిని పక్షాలు అడక్కండి.

నర్సులు?

వాళ్లకి ఇద్దరి మీదా ఒకటే అభిప్రాయం. అది ఇక్కడ రాయలేను.

జీతం ఎంత వస్తుంది?

అంకె రాయను. సూర్యారావుపేటలో ఒక వీధికీ పక్క వీధికీ, గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రికీ ఎదురు ఆసుపత్రికీ తేడా ఉంటుంది. మొదటి రెండేళ్లు మీ నాన్నగారు ఊహించినదానికన్నా తక్కువే వస్తుంది. గుండె, మెదడు, కిడ్నీ లాంటి విభాగాల్లో పని నేర్చుకున్నవాళ్లకి తర్వాత బాగుంటుంది. జీతం గురించి హౌస్ సర్జన్‌తో పోల్చుకుని ఏడవకండి. వాళ్ల స్టైపెండ్ కోసం వాళ్లూ ధర్నాలు చేస్తూనే ఉన్నారు.

ఈ డిగ్రీతో అమెరికాలో పీఏ అవ్వొచ్చా? మా మావయ్య అక్కడ చాలా డబ్బొస్తుందన్నాడు.

డబ్బు మాట నిజం, అక్కడ పీఏ ఏడాది సంపాదన మధ్యస్థంగా 1.3 లక్షల డాలర్ల దాకా ఉంది. మిగతా మాట నిజం కాదు. అక్కడి పరీక్ష రాయాలంటే అక్కడ గుర్తింపు ఉన్న కోర్సులోనే చదివి ఉండాలి. డిగ్రీ అయ్యాక, సుమారు 27 నెలల మాస్టర్స్ అది. ఇక్కడి డిగ్రీ చూపించి నేరుగా ఉద్యోగంలో చేరడం కుదరదు. అలా కుదురుతుందని చెప్పి ఎవరన్నా డబ్బు అడిగితే మావయ్యకే ఫోన్ ఇవ్వండి.

అక్కడా గొడవ ఉంది. డాక్టర్ల సంఘం, పీఏలు తమ పరిధి దాటి వస్తున్నారని ఏళ్ల తరబడి పోరాడుతోంది. అయితే అక్కడ పీఏ విద్యార్థులూ మెడికోలూ కొన్ని చోట్ల ఒకే అనాటమీ హాల్లో, ఒకే శవం దగ్గర చదువుకుంటారు. మొదటి ఏడాదిలోనే మొహాలు తెలుస్తాయి. మన దగ్గర మొహాలు తెలిసేది వార్డులో, కాన్యులా దగ్గర.

పీఏ అయ్యాక ఎంబీబీఎస్ చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు, నీట్ రాసి. అడ్డదారి లేదు, రెండో ఏడాదిలో చేర్చుకోవడాలు లేవు. 2022 నుంచి నీట్‌కి గరిష్ట వయసు పరిమితి తీసేశారు. మాతో పని చేసిన ఒకమ్మాయి ఉద్యోగం చేస్తూ రాసి సీటు తెచ్చుకుంది. హౌస్ సర్జన్‌గా వార్డుకొచ్చిన మొదటి రోజు అలవాటు కొద్దీ ల్యాబ్‌కి తనే ఫోన్ చేసి రిపోర్టులు అడిగింది. కొత్త పీఏ అబ్బాయి "మేడమ్, అది మా పని" అన్నాడు.

వార్డులో మొదటి వారం ఎలా ఉండాలి?

పీఏ విద్యార్థులకి: బ్యాడ్జి కనబడేలా పెట్టుకోండి. హౌస్ సర్జన్ కొత్తగా వస్తే ఫారాలు ఎక్కడున్నాయో అడక్కముందే చూపించండి, కానీ పదిమంది ముందు కాదు. కేస్ ప్రెజెంట్ చేస్తుంటే తప్పు చెప్పినా మధ్యలో అందుకోవద్దు. రక్తంలో పొటాషియం 6 దాటిందని (అది ప్రాణం మీదికి రావచ్చు) మీకు తెలిసి వాళ్లకి తెలీకపోతే మాత్రం మర్యాదలన్నీ పక్కనపెట్టి అప్పటికప్పుడు చెప్పండి.

మెడికోలకి: "ఏయ్ పీఏ" అనకండి, పేరుంది. పని నేర్పమని అడగడానికి సిగ్గుపడకండి. నన్ను అడిగినవాళ్లెవరికీ నేను కాదనలేదు. అడగనివాళ్లకి నేనుగా వెళ్లి నేర్పనూ లేదు, అది నా పొగరు.

పీఏ, మెడికో పెళ్లి చేసుకుంటే?

మా యూనిట్లో ఒక జంట ఉన్నారు. డిశ్చార్జ్ సమ్మరీ ఎవరు రాయాలన్నది వాళ్లింట్లో కూడా ఇంకా తేలలేదట.